రాహేలమ్మ నూనె

పొయ్యి ఆపేసి, బాండలిలోని వేడి అన్నం మీద ఒక చెంచా నువ్వుల నూనె చుట్టూ తిప్పి పోయగానే వంటగదిలో ఒక వాసన లేస్తుంది. నువ్వుల ఉండలు చేసే ముందు మూకుడులో నువ్వులు చిట్లేటప్పుడు వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది. కాని అంతకన్నా బరువుగా, రవ్వంత పొగ కలిసినట్టు ఉంటుంది. ఈ సాయంత్రం ప్రొద్దుటూరులో మా అద్దె ఇంట్లో కూతురికి గుడ్డన్నం చేశాను. మధ్యాహ్నం మిగిలిన అన్నం, రెండు గుడ్లు, తరిగిన ఉల్లికాడలు, నాలుగు తెల్లగడ్డ పాయలు, ఒక మూతెడు సోయాసాసు. అంతే. పెరుగు తోడుకోసం వచ్చిన పైయింటి ఆవిడ గుమ్మంలోనే నిలబడి చూసి, "నూనె మొదట గదా పోసేది. నువ్వేంది, అంతా అయినాక పచ్చినూనె పోస్తాండావు?" అని అడిగింది. చైనావాళ్ళ పద్ధతి అన్నాను. "చైనాకు ఎప్పుడు పోయొచ్చినావు తల్లీ?" అని నవ్వి, తోడు తీసుకుని వెళ్ళిపోయింది. నేను చైనాకు పోలేదు. నాకు ఈ వంట నేర్పిన రాహేలమ్మ కూడా పోలేదు. పిల్ల తిని పడుకున్నాక కూడా ఇంట్లో ఆ వాసన ఉంది. ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఇక్కడే మొదలుపెడుతున్నాను.

జమ్మలమడుగులో మా అమ్మవాళ్ళ ఇంటిని ఆనుకుని రెండు గదుల ఇల్లు ఆమెది. పొట్టి మనిషి, గట్టి చేతులు, ఆదివారం చర్చికి పోయేటప్పుడు తప్ప ఎప్పుడూ కొంగు నడుముకు బిగించే ఉండేది. భర్త చిన్న వయసులోనే పోతే, ఎనిమిది నెలల కూతురిని పెండ్లిమర్రిలో తల్లి దగ్గర వదిలి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళింది. మా జిల్లాలో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. ప్రతి వీధిలోనూ అట్లా వెళ్ళివచ్చినవాళ్ళు ఒకరైనా ఉంటారు. వింత ఏమిటంటే ఆమెకు పని దొరికింది అరబ్బుల ఇంట్లో కాదు, అక్కడ ఏదో కంపెనీలో పనిచేసే చైనా ఇంజనీరు ఇంట్లో. తొమ్మిదేళ్ళు వాళ్ళ వంటగదిలోనే ఉంది. మిగతావాళ్ళు తిరిగొచ్చేటప్పుడు దుప్పట్లు, సెంటుసీసాలు తెస్తే ఈమె ఒక డబ్బా నల్లటి నువ్వుల నూనె, ఆ వంట తెచ్చుకుంది. మా వీధి పిల్లలు ఆమె ఇంటిని చైనా ఇల్లు అనేవారు. ఆమె నాకు వరుసకు ఏమీ కాదు. చిన్నమ్మా అని పిలిచేదాన్ని.

ఇంటర్ చదివేటప్పుడు మొదటిసారి ఆమె ఇంట్లో పాలకూర తిన్నాను. పప్పులో వేయలేదు, పులుసు పెట్టలేదు. మరుగుతున్న ఉప్పునీళ్ళలో ఆకును ముంచి, పది లెక్కపెట్టేంతలో తీసి, పిండి, పైన దంచిన తెల్లగడ్డ, చిటికెడు ఉప్పు, ఒక చెంచా ఆ నూనె వేసి కలిపింది. ఆకు ఇంకా పచ్చగా మెరుస్తూ ఉంది.

"ఇది ఉడకల్యా చిన్నమ్మా" అన్నాను.

"ఉడికింది పాపా. సంపల్యా, అంతే. మనం ఆకును ఉడకబెట్టం, సంపుతాం."

ఆమె వంటలన్నీ ఇట్లాగే ఉండేవి. రెండు మూడు వస్తువులు, తక్కువ సేపు. గుడ్డును నీళ్ళతో గిలక్కొట్టి ఆవిరిమీద పెట్టి, ముద్దగా గడ్డకట్టాక పైన నాలుగు చుక్కల నూనె. బియ్యం విరిగిపోయేదాకా ఉడికిన గంజిలో అల్లం తురుము, మళ్ళీ నాలుగు చుక్కల నూనె. ఆ నూనె తిరగమాతకు పనికిరాదని, వేడికి దాని వాసన చచ్చిపోతుందని, అందుకే అది చివరన పడాలని చెప్పేది. ఒకసారి మా అమ్మ ఆ గంజి రుచిచూసి, మర్యాదకు తల ఊపుతూ "బాగుందక్కా" అంది. రాహేలమ్మ ఊరుకోలేదు.

"ఏం బాగుంది? బాగలేదని చెప్పు మే, నేనేం ఏడ్వను."

అమ్మ నా వైపు చూసి, మింగడం పూర్తిచేసి, "కారం ల్యా, పులుపు ల్యా. ఆస్పత్రిలో తిన్నట్లుంది" అంది.

"ఆఁ, ఇప్పుడు చెప్పినావు" అని రాహేలమ్మ నిజంగానే సంతోషించింది. మరుసటి రోజు అదే గంజిలో మా ఇంటి ఎండుమిరపకారం ఇంత కలిపి తెచ్చింది. అమ్మ రెండో గిన్నె అడిగింది.

నేను ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతున్నప్పుడు, కువైట్ నుంచి తెచ్చిన డబ్బా అయిపోయింది. మామూలు గానుగ నూనె తెచ్చి చూసింది. పచ్చి నువ్వుల నూనె అది. అన్నం మీద పోస్తే తలంటుకు సిద్ధమైనట్టు ఉందని మా అమ్మ అంది. రాహేలమ్మ ఒప్పుకుంది. చైనావాళ్ళు నువ్వులను వేయించి నూనె తీస్తారని ఆమెకు తెలుసు. నేను రోజూ బస్సులో పోయే దారిలోనే ఒక కరెంటు చెక్కగానుగ ఉంది. దాని యజమాని మస్తాన్ మా అమ్మకు తెలిసినవాడు. రాహేలమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయి అడిగింది. వేయించిన నువ్వులు రోట్లో పోస్తే ఆ వాసన చెక్కకు పట్టుకుంటుందని, తరువాత ఆడించుకునేవాళ్ళు తన మీద పడతారని అతను ఒప్పుకోలేదు.

"ఏందక్కా, దేశమంతా ఒక దారి, నీదొక దారి. దీపానికా, తలకా?"

"తినేదానికి మస్తానన్నా."

"తినేదానికి వేయించి నూనె తీస్తారా? చైనావాళ్ళు పాములు కూడా తింటారంట. అవి కూడా గానుగాడించమంటావా?"

"పాములు నువ్వు పట్టక్రా, ఆడిచ్చేది నేను చూసుకుంటా" అంది రాహేలమ్మ. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. అతను కూడా నవ్వి, గానుగ కడిగే రోజుకు ముందు ఆఖరి వాయిగా అయితే ఆడిస్తానన్నాడు. చిన్న గానుగ. ఆరు కిలోలు తెస్తే చాలు.

ఆ ఆరు కిలోలూ మా పెరట్లో కట్టెలపొయ్యి మీద వేయించాం. సగం ఆమె వేయించింది. సన్నమంట, ఆపకుండా గరిటె, గింజ గోధుమరంగుకు తిరగ్గానే దించడం. అంతలో పులివెందులలో హాస్టల్లో ఉండి చదివే కూతురు ఫోన్ చేస్తే, గరిటె నా చేతికిచ్చి లోపలికి పోయింది. మా ఇళ్ళల్లో పొడికి వేయించేటప్పుడు నువ్వులు బాగా చిటపటమనేదాకా ఉంచుతాం. రంగు ముదిరితే వాసన ఇంకా పెరుగుతుందనుకున్నాను. చూసేసరికి నా సగం ముదురు గోధుమ దాటిపోయింది. మూకుడు దించాను. తరువాత నా సగాన్ని ఆమె సగంలో పోసి, కనబడకుండా చేత్తో బాగా కలిపేశాను.

మరునాడు గానుగ నుంచి నూనె నల్లగా దిగింది. మస్తాన్ వేలితో నాకి, ముఖం వికారంగా పెట్టాడు. రాహేలమ్మ ఒక చుక్క నాలుక మీద వేసుకుని నన్ను చూసింది.

"మాడ్చినావా పాపా?"

"లేదు చిన్నమ్మా. గింజే అట్లుందేమో."

ఆమె గొంతు పెంచలేదు. "మాడిందాన్ని మాడిందని ఆ పొద్దే చెప్పింటే, నీ సగం పారేసి నా సగం ఆడిస్తాంటిమి" అంది. ఆ తరువాత ఆ సంగతి ఎత్తలేదు. కాని నూనె పారేయలేదు. ఏడాది పొడుగునా ఆమె ఇంట్లో నేను ఏం తిన్నా చివరన ఒక సన్నని చేదు తగిలేది. తిట్టివుంటే రెండు రోజుల్లో మరిచిపోయేదాన్ని. మరుసటి ఏడు కొత్త నువ్వులు వచ్చినప్పుడు గరిటె మళ్ళీ నాకే ఇచ్చింది.

డిగ్రీ అయ్యాక పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చాను. మొదటి కాన్పుకు అమ్మ దగ్గరికి జమ్మలమడుగు పోయాను. ఆడపిల్ల. పుట్టినప్పుడు రెండు కిలోల ఏడు వందల గ్రాములు. పదో రోజు తూకం వేస్తే రెండున్నర కూడా లేదు. నాకు పాలు చాలడం లేదు. ఇప్పుడు ఈ వాక్యం రాయడం సులభం. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ ఈ మాట అనలేదు, నేనూ అనలేదు. మా అవ్వ బాలింత పత్యం పెట్టేది. పాతబియ్యం అన్నం, తెల్లగడ్డ కారం, కాచిన నీళ్ళు కొంచెం కొంచెంగా. చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషీ ఒక కారణం చెప్పేది. కూర్చునే తీరు బాగలేదని, దిష్టి తగిలిందని, చదువుకున్నవాళ్ళకు ఓపిక ఉండదని. నేను ఫోన్లో చదివిన కారణాలు ఇంకా ఎక్కువ. బిడ్డ ఎన్నిసార్లు తాగింది, ఎన్ని గుడ్డలు తడిపింది అని ఒక కాగితం మీద గీతలు పెట్టేదాన్ని. గీతలు తక్కువగా ఉన్న పూట, తడవని గుడ్డకు కూడా ఒక గీత పెట్టేదాన్ని.

రాహేలమ్మ ఒక మధ్యాహ్నం మూతగిన్నెతో వచ్చింది. ఇంజనీరు భార్య, చైనా మేడమ్, కాన్పయినప్పుడు నెల రోజులు రోజూ వండిపెట్టిన కూర అంది. పలచగా తరిగిన అల్లాన్ని మామూలు నువ్వుల నూనెలో సన్నమంట మీద అంచులు ముడుచుకునేదాకా వేయించి, నాటుకోడి ముక్కలు వేసి, నీళ్ళుపోసి ఉడికించేది. దించాక పైన వేయించిన నువ్వుల నూనె. చైనాలో అయితే బియ్యపు సారాయి పోస్తారట. కువైట్‌లో సారాయి దొరకదు కాబట్టి మేడమ్ నీళ్ళతోనే వండించుకునేదట. మా అవ్వ మంచం మీద నుంచే అడ్డం పడింది.

"ఏందిమే రాహేలూ, పచ్చి బాలింతకు కోడికూరేంది? బిడ్డకు ఇరేచనాలు పట్టుకోనా?"

"కారం ల్యా అవ్వా. అల్లం, నువ్వుల నూనె."

"నువ్వుల నూనె మంచిదే, వేడి చేస్తాది. కోడి యాల?"

"ఆ మేడమ్‌ను నెల రోజులు గాలి తగలనీలేదవ్వా. తలకు గుడ్డ కట్టినారు, సన్నీళ్ళు తాకనీలేదు, తలకు పోసుకోనీలేదు. నూనె, అల్లం, కోడి. ఇవే పెట్టినారు."

అవ్వ లేచి కూర్చుంది. "తలకు గుడ్డ కట్టినారా?"

"కట్టినారు."

"చెవుల్లో దూది?"

"అది మాత్రం పెట్టల్యా."

"పెట్టాల్సింది" అంది అవ్వ. గిన్నె మూత తీసి చూసి, "అయినా తెలిసినోళ్ళే. పెట్టు, రోంత పెట్టు" అంది.

నేను తిన్నాను. కాన్పయ్యాక మొదటిసారి కడుపునిండా తిన్నాను. గిన్నె ఖాళీ అయ్యాక, "ఇది తింటే పాలు పడతాయా చిన్నమ్మా?" అని అడిగాను. ఆ ఇంట్లో నేను ఈ ప్రశ్న ఎవరిని అడిగినా, పడతాయి, ఎందుకు పడవు అనే జవాబు వచ్చేది.

"తెల్దు పాపా" అంది రాహేలమ్మ. "ఆ మేడమ్‌కు పడినాయి. కూరతోనే పడినాయో, ఊరికే పడినాయో నాకు తెల్దు. నీకు ఆకలి తీరింది గదా."

వారం రోజులు తెచ్చింది. నాకు కొంచెం బలం వచ్చింది. పాలు పెరగలేదు. మళ్ళీ తూకం వేయిస్తే ముల్లు కదలనే లేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ నా పాలతో పాటు డబ్బాపాలు కూడా పట్టమని చీటీ రాసిచ్చింది. అమ్మ ఆ చీటీని మడిచి దేవుడి పటం వెనక పెట్టింది. మా వంశంలో డబ్బాపాలు తాగిన బిడ్డ లేదని, ఇంకో వారం చూద్దామని అంది. నేను సరే అన్నాను. నా గీతల కాగితం ఆమెకు చూపించాను. దాని ప్రకారం బిడ్డ బాగానే ఉంది.

ఆ సాయంత్రం రాహేలమ్మ వచ్చి, బిడ్డను ఒళ్ళో వేసుకుని, పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు. కాగితం తీసి చూసింది. చదువు పెద్దగా రాదు కాని గీతలు లెక్కపెట్టగలదు.

"ఇన్ని గుడ్డలు తడిపిందా?"

నేను ఆమె ఒళ్ళోని బిడ్డ గుడ్డ సర్దాను.

"పాలు చాలడంల్యా పాపా. చాలడంల్యా అను."

"చిన్నమ్మా..."

"నాతో కాదు. మీయమ్మతో అను."

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బిడ్డ ఏడుపు కూడా అప్పటికి గట్టిగా లేదు. పిల్లి కూనలా ఉండేది. చివరికి "అమ్మా, నాకు పాలు చాలడంల్యా. గీతలు నేను దొంగగా పెట్టినా" అన్నాను. అమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె పటం వెనక నుంచి చీటీ తీసి, చెప్పులేసుకుని మందులషాపుకు పోయింది. రాహేలమ్మ నీళ్ళు కాచి, చెంచాలు, గిన్నె ఉడకబెట్టింది. మొదటి చెంచా నన్నే పట్టమంది. బిడ్డ కళ్ళు తెరిచి తాగింది.

బిడ్డ నిద్రపోయాక, తన కూతురు గ్రేసు సంగతి చెప్పింది. కువైట్‌లో ఉన్నప్పుడు వారానికోసారి ఇంటికి ఫోన్ చేసేదట. పిల్ల ఎట్లుంది అని అడిగితే బాగుంది అనేవాళ్ళు. నువ్వెట్లున్నావు అంటే ఈమె కూడా బాగుండా అనేది. రెండేళ్ళప్పుడు గ్రేసుకు చెవిలో చీము పట్టింది. దూరంలో ఉన్న తల్లి బాధపడుతుందని ఎవరూ చెప్పలేదు. ఏవో పసర్లు పోశారు. "చెప్పింటే దుడ్లు పంపుదును, కడపకు తీస్కపోండి అందును. ఆర్నెల్లు అందరూ బాగుందనే చెప్పినారు. ఎడమ చెవి పోయింది" అంది. మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రాహేలమ్మ ఏడవలేదు, ఉడికించిన చెంచాలను ఒక్కొక్కటే గుడ్డ మీద బోర్లించింది.

నా కూతురికి మూడేళ్ళు నిండేనాటికి రాహేలమ్మ జబ్బుపడి, పులివెందులలో గ్రేసు ఇంటికి చేరింది. నేను చూడ్డానికి పోయాను. గంజి చేసి, పైన నాలుగు చుక్కల నూనె వేసి తీసుకుపోయాను. మూడు చెంచాలు తాగి చాలంది. గ్రేసు కుడి చెవి నా వైపు తిప్పి, డాక్టర్లు ఏం చెప్పారో గుమ్మం బయట చెప్పింది. లోపలికి వచ్చాక రాహేలమ్మ అడిగింది.

"అందరూ బాగవుతావంటాండారు. నువ్వు చెప్పు పాపా, బాగవుతానా?"

"బాగవుతావు చిన్నమ్మా" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

ఆమె నా ముఖం చూసింది. "సరేలే. బస్సుకు ఆలస్యమైతాది, పో" అంది. నెల తిరక్కముందే పోయింది. ఆమె మరొక్కసారి ఆ ప్రశ్న అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు నాకు తెలుసు. అయినా తెలిసిన జవాబును అప్పుడు చెప్పగలనో లేదో చెప్పలేను. నేను ఇంకా భయపడే మనిషినే. పిల్ల రెండుసార్లు తుమ్మితే థర్మామీటరు తీస్తాను. అయితే అందులో ఎంత చూపిస్తే అంతే చెప్తాను, భర్తకైనా, అమ్మకైనా, ఆస్పత్రిలోనైనా. తగ్గించను, పెంచను. ఇది చిన్న విషయమే. నాకు మాత్రం ఇది పుట్టుకతో రాలేదు.

పోయిన నెల చక్రాయపేట దగ్గర మా మేనమామ ఊరికి పోయాం. ఆయనకు మేకలున్నాయి. దొడ్డి దగ్గర ఆయన ఒక మేకపిల్లకు సీసాతో పాలు తాపుతుంటే నా కూతురు చూస్తూ నిలబడింది. తనకిప్పుడు ఐదేళ్ళు దాటాయి.

"దానికి అమ్మ లేదా?"

"ఉంది. అదిగో, నల్లమేక. దాని దగ్గర పాలు చాలడంల్యా" అన్నాడు మామ.

కూతురు నా వైపు తిరిగింది. "నేను నీ పాలు తాగినానా అమ్మా?"

మామ చేతిలో సీసా అట్లాగే ఉంచి నన్ను చూశాడు. "కొన్ని తాగినావు. నాకు పాలు చాల్లేదు. మిగతావి డబ్బావి, చెంచాతో పట్టినా" అన్నాను.

"ఎందుకు చాల్లేదు?"

"నాకు తెలియదమ్మా."

నల్లమేక వైపు ఒకసారి చూసింది. మేక ఆకులు నములుతోంది. "దానికీ తెలియదేమో" అని, మామ చేతిలోంచి సీసా తీసుకుని, రెండు చేతులతో ఎత్తిపట్టుకుంది.